ఈ మొక్కకు జన్మంతా ఒకటే ఆకు!

చిక్కుడు గింజ నాటితే ముందు రెండు బీజదళాలు విచ్చుకుంటాయి. ఆ తర్వాత అసలు ఆకులు వస్తాయి, బీజదళాలు వాడి రాలిపోతాయి. మోనోఫిల్లియా అనే ఈ మొక్క కథ మాత్రం వేరు. దానికి ఆ ‘తర్వాత’ అనేదే ఉండదు!

మలేషియా, థాయిలాండ్, ఇండోనేషియాల్లో, మన బొర్రా గుహల్లాగే సున్నపురాయి కరిగి ఏర్పడిన గుహలున్నాయి. వాటి ముఖద్వారాల దగ్గర, నీళ్లూరే రాతి గోడలకు ఈ మొక్కలు వేలాడుతుంటాయి. బోర్నియో దీవిలోని ములు గుహలకు వెళ్లేవాళ్లకు దారిలోనే కనిపిస్తాయి.

మొలకెత్తినప్పుడు దీనికీ రెండు బీజదళాలే, రెండూ చిన్నవే. కొన్నాళ్లకు ఒకటి ఎదుగుదల ఆపేస్తుంది. రెండోది పెరుగుతూనే ఉంటుంది. చివరికి అదే మొక్కకున్న ఏకైక ఆకు!

చిన్న బీజదళం పెద్ద ఆకు ఎలా అవుతుంది? ఆకు మొదలు దగ్గర కొత్త కణాలు పుట్టే భాగం ఒకటి ఉంటుంది. మామూలు ఆకుల్లో అది త్వరగా పని ముగిస్తుంది. ఇక్కడ ఆగదు. మన గోరులాగే ఆకు మొదలు నుంచి ముందుకు జరుగుతుంది, కాబట్టి ఆకు కొనే అన్నిటికన్నా ముసలి భాగం. పూలు పూయాలన్నా కొమ్మలు లేవుగా! పూలకాడలు కూడా ఆకు మొదలు దగ్గర్నుంచే వస్తాయి.

మరి ఒక్క ఆకే ఎందుకు? గుహ నోటి దగ్గర వెలుతురు తక్కువ, రాతి మీద మట్టీ తక్కువే. ఒక్క ఆకే అయితే ఒకదాని నీడ మరొకదాని మీద పడే బాధ లేదు. కారణం ఇదేనని గట్టిగా చెప్పలేం గానీ, సబబుగానే ఉంది కదూ?