సబ్‌మెరైన్ గేమ్‌లో నీళ్లు సూపర్, మరి ఓడ ఎందుకు బెండు ముక్కలా ఎగురుతుంది?

సబ్‌మెరైన్ సిమ్యులేటర్ ట్రైలర్ వస్తే అందరూ నీళ్లు ఎంత బాగున్నాయో చూస్తారు. నేను మాత్రం ఓడ ఎలా ఊగుతోందో చూస్తా. నీళ్లు ఫొటోలా ఉండి, వేల టన్నుల సరుకు ఓడ బెండు ముక్కలా ఎగిరెగిరి పడుతుంటే ఆ గేమ్ మీద నమ్మకం పోతుంది.

నీళ్ల సంగతి చాలావరకు తేలిపోయింది. రకరకాల పొడవున్న వేల అలల్ని ఎఫ్‌ఎఫ్‌టీతో ఒకేసారి కలిపే జెర్రీ టెసెండార్ఫ్ పద్ధతిని 1997 'టైటానిక్' సినిమాలోనే వాడారు. ఇప్పుడది మన గ్రాఫిక్స్ కార్డ్ మీద రియల్ టైమ్‌లో నడుస్తోంది.

చిక్కంతా ఓడ దగ్గరే. ఓడ మధ్యలో ఒక్క పాయింట్ తీసుకుని, అక్కడ నీళ్లు ఎంత ఎత్తులో ఉంటే ఓడని అంతే ఎత్తులో పెట్టడం సులువైన దారి. అప్పుడు ప్రతి చిన్న అలకీ ఓడ లేచి పడుతుంది. నిజం సముద్రంలో అలా ఉండదు. లోతైన నీళ్లలో అల పొడవు కావాలంటే దాని పీరియడ్‌ని స్క్వేర్ చేసి 1.56తో గుణించాలి. 5 సెకన్ల అల 39 మీటర్లు, 10 సెకన్ల అల 156 మీటర్లు. రెండో ప్రపంచ యుద్ధం నాటి జర్మన్ టైప్ 7సీ యూ-బోట్ పొడవు 67 మీటర్లు. 39 మీటర్ల అల దాని కింద ఒకచోట ఎత్తుతుంటే ఇంకోచోట దించుతుంది, చాలావరకు క్యాన్సిల్ అయిపోతుంది. 156 మీటర్ల అలైతే మాత్రం ముక్కు పైకెత్తి ఎక్కి దిగాల్సిందే. అందుకే ఓడని ముక్కలుగా విడగొట్టి, ఏ ముక్క ఎంత మునిగిందో లెక్కేసి, ఆ బలాలన్నీ కూడాలి.

ఇంకో తలనొప్పి కూడా ఉంది. అలలు జీపీయూలో, ఫిజిక్స్ ఎక్కువగా సీపీయూలో. ప్రతి ఫ్రేమ్‌కీ డేటా వెనక్కి లాగితే ఆలస్యం. పెద్ద అలల్ని మాత్రమే సీపీయూలో విడిగా లెక్కేస్తే సరిపోతుంది. చిన్నవి ఎలాగూ ఓడని కదిలించలేవు కదా!

పక్కకి ఊగడం వేరే కథ. అది గురుత్వ కేంద్రం ఎత్తు మీద ఆధారపడుతుంది. మరీ కిందుంటే ఓడ విసురుగా నిటారుకొస్తుంది, కాస్త పైకి జరిపితే నిదానంగా, బరువుగా ఊగుతుంది. సైలెంట్ హంటర్ 3 (2005) మోడర్లు సిమ్ ఫైల్స్‌లో మార్చే విలువల్లో ఇదొకటి. సైజు కూడా లెక్కే. ఒకే ఆకారంలో ఉండి 4 రెట్లు పొడవైన ఓడ ఒకసారి ఊగడానికి 2 రెట్లు టైమ్ తీసుకోవాలి. చేపల పడవా, యుద్ధనౌకా ఒకే స్పీడ్‌లో ఊగుతున్నాయంటే డెవలపర్ ఇది పట్టించుకోలేదన్నమాట.

నీళ్ల కింద ఏమవుతుందో చాలా గేమ్‌లు వదిలేస్తాయి. అల కదలిక లోతుతో తగ్గుతుంది గానీ ఒక్కసారిగా మాయమవదు. పెరిస్కోప్ లోతు 14 మీటర్లు అనుకుంటే, 156 మీటర్ల అల ఊపు అక్కడ ఇంకా 57 శాతం ఉంటుంది. 39 మీటర్ల అలది 10 శాతమే. అంటే తుపానులో పెరిస్కోప్ ఎత్తితే బోటు లేస్తూ పడుతూ ఉండాలి, అద్దం మాటిమాటికీ మునగాలి, టార్గెట్ దూరం కొలవడం నరకంలా ఉండాలి. 78 మీటర్లకి దిగితే 4 శాతమే మిగులుతుంది, అక్కడ హాయి.

మీ గేమ్‌లో తుపాను రోజు చూసి ముందు 14 మీటర్ల దగ్గర ఆగండి, తర్వాత 80కి దిగండి. రెండుచోట్లా బోటు ఒకేలా ఉంటే ఆ అలలు బొమ్మకే, ఫిజిక్స్‌కి కాదు.