వార్తల్లో పదం: కమిట్‌మెంట్ అకౌంటింగ్

విశ్వవిద్యాలయాలు పాత లెక్కల వ్యవస్థను మార్చుకునేటప్పుడు తరచూ వినిపించే మాట ఇది. డబ్బు చెల్లించిన రోజున కాక, ఆర్డరు పెట్టిన రోజునే ఆ మొత్తాన్ని బడ్జెట్‌లోంచి తీసి పక్కన చూపడం దీని పద్ధతి. ఒక ప్రయోగశాలకు 10 లక్షల గ్రాంటు ఉందనుకుందాం. 6 లక్షల పరికరానికి ఆర్డరు వెళ్లింది, బిల్లు మూడు నెలలకు వస్తుంది. చెల్లింపులు మాత్రమే చూపే ఖాతాలో అప్పటిదాకా 10 లక్షలూ ఉన్నట్టే కనిపిస్తాయి. ఆ అంకెను నమ్మి ఇంకో 5 లక్షల సరుకు తెప్పిస్తే లక్ష లోటు! కొత్త పద్ధతిలో మిగిలింది 4 లక్షలేనని ఆ రోజే తెలుస్తుంది.

ఆలోచన మంచిదే, చిక్కంతా అమలులోనే. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం ఇందుకోసం ఒరాకిల్ సాఫ్ట్‌వేర్‌తో ‘కాప్సా’ అనే వ్యవస్థను 2000 ఆగస్టులో మొదలుపెట్టింది. ఖర్చు సుమారు 90 లక్షల పౌండ్లు. తీరా చూస్తే విభాగాలకు తమ ఖాతాల్లో ఎంతుందో తెలియలేదు, సరఫరాదారులకు చెల్లింపులు ఆలస్యమయ్యాయి. ఆంథొనీ ఫింకెల్‌స్టైన్, మైఖేల్ షాటక్ విచారించి ఇచ్చిన నివేదికలు 2001లో వెలువడ్డాయి. తప్పు సాఫ్ట్‌వేర్ ఒక్కదానిదే కాదని, ప్రాజెక్టు నిర్వహణలో, శిక్షణలో, విశ్వవిద్యాలయ పాలనలోనే లోపాలున్నాయని అవి తేల్చాయి.

ఏ వర్సిటీ అయినా పాతదాన్ని ఆపే ముందు, రోజూ బిల్లులు నమోదు చేసే గుమాస్తా చేతికి కొత్తదాన్ని ఇచ్చి చూడాలి. ఆయన సరేనన్నాకే మొదలుపెట్టాలి.