ఏరిత్ ఎవరమ్మా? అని అడుగుదాం

వీడియో గేమ్‌లో ఓ బొమ్మ చనిపోతే పిల్లలు ఏడుస్తారా? ఏడుస్తారు. పెద్దవాళ్లూ ఏడ్చారు. జపాన్‌కు చెందిన స్క్వేర్ సంస్థ 1997లో 'ఫైనల్ ఫాంటసీ 7' అనే గేమ్ తెచ్చింది. అందులో పూలమ్మే అమ్మాయి ఏరిత్. మొత్తం మూడు డిస్కుల కథలో మొదటి డిస్కు చివరనే ప్రతినాయకుడు సెఫిరాత్ కత్తికి బలవుతుంది. అదే కథను కొత్త హంగులతో 2020లో ఒక భాగంగా, 2024లో మరో భాగంగా తెచ్చినప్పుడు అభిమానులు ఆత్రంగా ఎదురుచూసింది ఒక్కటే: ఈసారైనా ఆమె బతుకుతుందా?

నిజానికి 1997 నాటి ఏరిత్ బొమ్మ చూడ్డానికి అంత అందంగా ఉండదు. చేతులు దిమ్మల్లా ఉంటాయి. గొంతు లేదు. మాటలన్నీ తెరమీది అక్షరాలే, చదువుకోవాల్సిందే. మరి అంత మమకారం ఎలా పుట్టింది?

పెంచడం వల్ల. ఇది రోల్ ప్లేయింగ్ గేమ్. పాత్రలతో గంటల తరబడి కలిసి నడవాలి. ఎవరికి ఏ ఆయుధం ఇవ్వాలో మనమే చూడాలి. కావాలంటే పేరు కూడా మనమే మార్చి పెట్టుకోవచ్చు. ఏరిత్ ప్రత్యేక శక్తులు జట్టు గాయాలు మాన్పేవి. అందుకే ఆమె పోయాక ఆ లోటు కథలోనే కాదు, ఆడే చేతికీ తెలుస్తుంది.

ఇంకోటి, నిస్సహాయత. పోరులో పడిపోయినవాళ్లను లేపే మందు సంచిలోనే ఉంటుంది. ఇక్కడ మాత్రం పనికిరాదు. ఆ వెంటనే వచ్చే పోరులో మామూలు యుద్ధ సంగీతం ఉండదు. నొబువో ఉయెమాత్సు కూర్చిన ఏరిత్ బాణీయే సాగుతుంది. కన్నీళ్లతోనే బటన్లు నొక్కాలి.

హోసూరులోనో, బళ్లారిలోనో, బరంపురంలోనో మన పిల్లలు ఇలాంటి ఆటలు ఇంగ్లిషులో ఆడతారు. వీధిలో స్నేహితులతో తమిళంలోనో, కన్నడంలోనో, ఒడియాలోనో చెప్పుకుంటారు. ఇంటికొచ్చి మనకు చెప్పబోతే "ఆ పిచ్చి ఆట ఆపు" అంటాం. అక్కడితో తెలుగులో ఆ మాట ఆగిపోతుంది. జాలి, బెంగ, దిగులు వంటి మాటలు పాఠ్యపుస్తకంలో అర్థాలుగానే మిగిలిపోతాయి.

ఆటకు సమయం ఇంతేనని గీత గీయాల్సిందే. ఏ వయసుకు ఏ ఆట తగునో కూడా చూసుకోవాల్సిందే. ఆ తర్వాత పక్కన కూర్చుని "ఎవరమ్మా ఆ అమ్మాయి? ఎందుకంత ఇష్టం?" అని అడుగుదాం. టీచర్లూ ఒక వారం వ్యాసానికి 'నాకు నచ్చిన నాయకుడు' బదులు 'నేను మరిచిపోలేని పాత్ర' అని ఇచ్చి చూడొచ్చు. అది రామాయణంలోదైనా, సినిమాలోదైనా, గేమ్‌లోదైనా సరే. తప్పులు తర్వాత దిద్దుకోవచ్చు. పిల్లల మనసులో ఉన్నది ముందు తెలుగులోకి రానిద్దాం.