నాన్నను గురించి నిజం వ్రాయడం

తండ్రిని గురించి వ్రాయబూనిన వారు తరచు మొదటి వాక్యంలోనే చేతులు జోడిస్తారు. ‘మా నాన్నగారు దేవుడు’ అన్న తరువాత పాఠకుడు తెలుసుకోవలసినది మరేమీ మిగలదు.

పన్నెండేళ్లయినా నిండని రవీంద్రనాథుని 1873లో తండ్రి దేవేంద్రనాథులు హిమాలయాలకు తీసుకుపోయారు. 1912లో వెలువడిన ‘జీవనస్మృతి’లో ఆ ప్రయాణ వృత్తాంతమున్నది. ఖరీదైన బంగారు గడియారానికి రోజూ కీ ఇచ్చే పనిని తండ్రి ఆ బాలునికి అప్పగించారు. నష్టం రావచ్చునన్న భయం కన్న బాధ్యత నేర్పాలన్న తలంపే ఆయనకు ముఖ్యం. బాలుని ఉత్సాహానికి తాళలేక గడియారం మరమ్మతుకు కలకత్తా చేరింది. ఆయన ఎటువంటి తండ్రో చెప్పడానికి వేరే విశేషణం అక్కరలేదు.

మీరూ అటువంటి ఒక్క సంఘటనను ఎన్నుకోండి. ఆయన చేసినది, అన్నది వ్రాయండి. కోపిష్ఠి అయితే ఆ కోపమూ వ్రాయండి; లోపాన్ని దాచిన కథలో ప్రేమ కూడా నమ్మశక్యం కాదు. పత్రికకు పంపేముందు ఇంటివారికి చదివి వినిపించండి. ఒకే తండ్రి ఒక్కొక్క బిడ్డకు ఒక్కొక్క తీరున గుర్తుంటాడు. వారు కాదన్నచోట ‘నాకు గుర్తున్నంతలో’ అనండి, కల్పనతో పూరించకండి. అచ్చయిన అబద్ధాన్ని ఖండించడానికి ఆయన రాలేకపోవచ్చు.