చేప రక్తములోని పులుపు



వేసవిని చెరువు తగ్గి పచ్చనాచు పెరిగినపుడు చేపలు చచ్చి తేలును. ఎవరో విషము కలిపిరని తగవు పుట్టును. చచ్చినది ఏ జామునని నేను మొదట అడుగుదును.

పగటి యెండలో నాచు నీటిలోని బొగ్గుపులుసు గాలిని పీల్చును; నీరు క్షారమగును. రాత్రి ఆ గాలినే విడిచి ప్రాణవాయువును హరించును, నీరు పులుపెక్కును. కావున తెల్లవారుజామున చచ్చినచో ప్రాణవాయువు కొరతను శంకింపవలెను. మిట్టమధ్యాహ్నమైనచో వేరు మాట: క్షారజలములో చేప విసర్జించు అమ్మోనియా బయటకు పోజాలక విషమగును. కోసిగి చేరువ తుంగభద్ర పారునీటికంటె చెరువుల నిలువనీటనే యీ బాధ మెండు.

నీరెట్లు మారినను చేప రక్తము మారరాదు. మనము ఊపిరి వేగము మార్చి రక్తపు పులుపును సరిచేసికొందుము. చేపకు ఆ వీలు స్వల్పము. ప్రాణవాయువుకై అది యెడతెగక మొప్పలపై నీరు పారింపవలెను. కావున మొప్పలే బేరమాడును: ఆమ్లమునిచ్చి నీటినుండి సోడియమును, క్షారమునిచ్చి క్లోరైడును గైకొనును. మంచినీట ఉప్పు అరుదు గనుక బేరము నెమ్మదిగా సాగును. మూత్రపిండముల పాలు కొంచెమే.

కొరమీను పైగాలిని మ్రింగి బ్రదుకును గదా యందురేమో. నిజమే, ఐనను దాని బొగ్గుపులుసు గాలి చాలవరకు నీటిలోనికే పోవును.