పండుగ ముందటి సంధ్య బజారు

పండుగ రేపనగా నేడు బజారునకు పరుగెత్తువానిని జూచి లోకులు నవ్వుదురు. "ఇన్నాళ్లు ఏమి చేయుచుంటివి?" అని యడుగుదురు. నెలజీతము గలవానిని అడుగదగిన ప్రశ్నయే యిది. డొంకూరువంటి యూరిలో మాత్రము దీనికి వేరొక సమాధానము కలదు.

డొంకూరు శ్రీకాకుళము జిల్లా ఉత్తరపు కొసను, ఇచ్ఛాపురము మండలములో, సముద్రపుటొడ్డున నున్న గ్రామము. అచట పెక్కు కుటుంబములకు వేటయే జీవనము. వలలో చేప పడిననాడే చేతిలో కాసు పడును. ఉద్దానపు రైతునకు కొబ్బరికాయ దించి యమ్మిననాడే డబ్బు. జీడిపంట వేసవిదాక చేతికి రాదు. ఇక ఆశ్వయుజము పండుగల మాసము. ఈ తీరమునకు తుఫానుల కాలమును అదియే. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురముకడ తీరము దాటినప్పుడును, 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస ప్రాంతమున కొబ్బరి, జీడితోటలను నేల గూల్చినప్పుడును అవి దసరా నవరాత్రుల దినములే. ముందుగా కొనుట వివేకమని బోధించుట సులభము. కాసు ముందుగా రావలెను గదా!

కావున కడపటి సాయంకాలపు బజారు సోమరుల బజారు కాదు. సొమ్ము ఆలస్యముగా చేరినవారి బజారు. ఇచ్ఛాపురమున ఆ సమయమున "ఎంత?" అను తెలుగుమాటయు, "కెతే?" అను ఒడియామాటయు ఒక్క దుకాణముకడనే వినబడును. 1936 ఏప్రిల్ 1న ఒడిస్సా వేరు రాష్ట్రమైనప్పుడు ఎల్లలు మారినవి గాని, బేరము రెండు భాషలలోను సాగుచునే యున్నది.

ఈ సంధ్యాబజారునకు ఒక ధర్మము కలదు. ఆకుకూర, మిగులబండిన అరటిపండు మొదలైన నిలువని సరకు పొద్దు గూకినకొలది చౌకయగును. కంద, గుమ్మడి, బెల్లము నిలుచును. వానిని అమ్మువానికి తొందర లేదు. బంతిపూలు, అరటియాకులు రేపు తెల్లవారుసరి కెల్లరకు కావలెను గనుక వాని వెల రాత్రి వఱకు ఎక్కుచునే యుండును; మఱునాటి మధ్యాహ్నమునకు మిగిలినవి పశువుల పాలు. ఇది తెలిసినవాడు పూలు మొదట కొనును, కూర కడపట కొనును, గుమ్మడికాయకై తొందరపడడు.

తరువాత వెదకులాట. ఇందే అసలైన సంతోషము కలదు. జీడిపప్పు చూడుడు. పలాసలో గింజను కాల్చియో, ఆవిరిపట్టియో పగులగొట్టి, పొర తీసి, పప్పును తరగతులుగా ఏరుదురు. నిండుపప్పునకు వెల హెచ్చు, బద్దకు తక్కువ, ముక్కకు మఱియు తక్కువ. చెట్టొకటే, రుచి యొకటే. పాయసములో వేయుటకు ముక్క చాలదా? బట్టల దుకాణమున తానులు తెగగా మిగిలిన ముక్కల కుప్ప యుండును. వెలుతురునకు ఎత్తి పట్టి చిరుగు, నేతలోపము లేకుండ జూచినచో పసిపిల్లకు పరికిణీ యగునది అందొకటి దొరకవచ్చును. పాతసామానుల కడ మసిబట్టిన గిన్నె యున్నచో గోటితో మీటి చూడుడు. రాగియు తగరమును కలిసిన కంచు చాలసేపు మ్రోగును. రాగియు తుత్తునాగమును కలిసిన ఇత్తడి నాదము త్వరగా అణగును. పగులుగల పాత్ర జీరగా పలుకును. కొన్న ఇత్తడిగిన్నెకు కళాయి పెట్టింపక పులుసు కాచరాదు.

ఇట్లు దొరకిన వస్తువును ఇంటికి తెచ్చినవాడు దాని వెలను గాక, దానిని కనుగొన్న కథను ముందుగా చెప్పును. ధనికుడు సొమ్ముతో ఎన్నుకొనును. పేదవాడు కంటితో ఎన్నుకొనును. ఏడాది పొడుగున వెల కెదురాడలేక తలవంచినవానికి, తన చూపునకును విలువ కలదని ఆ కుప్పముందు తెలియును. అది చిన్న సంగతి కాదు.

అయినను ఒక నియమము అవశ్యము. పిల్లలకు బట్ట, దేవునికి దీపము, వంటకు బియ్యము, పప్పు, బెల్లము తీరినపిదపనే వెదకులాట కూడును. అప్పు చేసి కొన్న చౌక చౌక గాదు.

కడపట ఒక మాట. చీకటి పడినపిదప గంపలో నాలుగు మూరల పూలదండతో కూర్చున్న ముసలమ్మకడ బేరమును మిక్కిలి లాగకుడు. ఆమె యింటను రేపు పండుగయే. ఆ గంప ఖాళీయైనపిదపనే ఆమె లేచి, మనుమనికి చొక్కా వెదకుటకై అదే బజారులోనికి పోవలసియున్నది.