సొరబుర్రలో దాగిన చరిత్ర

ఎండిన సొరకాయను చూచి మానవుడు రెండు పనులు నేర్చినాడు. దానిలో నీరు మోసికొనుట మొదటిది; దానికి తంత్రి కట్టి పలికించుట రెండవది. మా పాలమూరు సీమలో దక్కలివారు వెదురుబొంగు క్రింద సొరబుర్రలు కట్టి, తేనెమైనముతో మెట్లు నిలిపి కిన్నెర చేసికొనిరి. సముద్రముల కావల పశ్చిమాఫ్రికాలో, గాంబియా, సెనెగల్, గినీ, మాలి దేశముల గాయకులు పెద్ద బుర్రను సగమునకు కోసి, ఆవుతోలు బిగించి, 21 తంత్రులు కట్టి కోరా యను వాద్యము చేసికొనిరి. వీరిని చూచి వారు నేర్వలేదు. వారిని చూచి వీరును నేర్వలేదు. అయినను ఈ రెంటి పోలిక వాద్యముతో ఆగిపోక, దానిని వాయించు మనిషి బ్రతుకు వరకు పోవుచున్నది. ఈ వ్యాసము వ్రాయుటకు కారణ మదియే.

మాండే జాతులలో ఆ గాయకుని జెలి యందురు. ఫ్రెంచివారు గ్రియో యని పిలిచిరి. లోకమున ఆ పేరే నిలిచినది. కుయాతే, దియాబాతే వంటి ఇంటిపేర్లు వినినంతనే వారు పుట్టుకతో గాయకులని అక్కడివారు గ్రహింతురు. రాజుల వంశావళులు, యుద్ధములు, ఒడంబడికలు, ఎవరు ఎవరికి ఏ మాట యిచ్చి తప్పిరో ఆ సంగతులు, అన్నియు వారి నాలుకపై నుండును. 13వ శతాబ్దమున మాలి సామ్రాజ్యమును స్థాపించిన సుందియాతా కథ అట్లే మనకు దక్కినది. ఆ కథలో రాజునకు ఎంత చోటున్నదో అతని గ్రియో బల్లా ఫాసెకె కుయాతేకును ఇంచుమించు అంత చోటున్నది. శత్రురాజు చేతిలో చిక్కినపుడు, ఆ రాజు తప్ప మరెవ్వరును తాకరాని బాలాఫోన్ వాద్యమును వాయించి, అతనినే పొగడి, ప్రాణము దక్కించుకొన్న గడుసువాడు! గినీ దేశపు చరిత్రకారుడు జీబ్రిల్ తంసిర్ నియాన్, మమదూ కుయాతే యను గ్రియో నోట ఈ కథ విని 1960లో ఫ్రెంచి భాషలో ప్రకటించెను. అంతవరకు ఆఫ్రికాకు చరిత్ర లేదని పలికిన పండితులకు ఆ చిన్న పుస్తకము మంచి సమాధాన మయినది.

ఇక మన సంగతి. బిరుదురాజు రామరాజుగారు జానపద గేయములపై చేసిన పరిశోధన 1958లో గ్రంథరూపమున వచ్చినది. అప్పటినుండి విశ్వవిద్యాలయములలో వీని అధ్యయనమునకు ఒక గౌరవ మేర్పడినది. తెలంగాణమున ఒక్కొక్క కులమునకు ఒక్కొక్క ఆశ్రితకులము కథ చెప్పునని నేడు అందరికిని తెలిసినదే. పద్మశాలీలకు కూనపులివారు మార్కండేయ పురాణము పటము చూపి చెప్పుదురు, గొల్లలకు మందెచ్చులవారు, ముదిరాజులకు కాకిపడగలవారు. మాదిగలకు చిందువారును, దక్కలివారును. ఏ ఊళ్లు ఏ యింటివారికో ముందే పంచుకొన్న మిరాశి. ఆ ఊరికి వచ్చినపుడు గోత్రములు చెప్పి, పురాణము విప్పి, తమకు రావలసినది పుచ్చుకొని పోవుదురు. గ్రియోకును అతని దాతకును నడుమ నున్న సంబంధ మిదియే.

దక్కలివారు చెప్పు జాంబపురాణమును మన సాహిత్య చరిత్రలు తగినంతగా పట్టించుకొనలేదని నా అభిప్రాయము. భూమి పుట్టకముందే జాంబవుడు పుట్టెనని అది చెప్పును. ఊరికి వెలుపల నిలుపబడిన మనుష్యులకు, సృష్టికంటెను ముందు నిలిచిన పూర్వికు నొకనిని చూపు పురాణము! దానిని కేవలము కులకథ యనుట, మన చదువులలోని పాత అలవాటు.

ఒక భేదము మాత్రము చెప్పక తప్పదు. గ్రియో ప్రధానముగా రాజులను పాడినాడు. మా కిన్నెరవాడు బందిపోటును పాడినాడు. నైజాము కాలమున ఉన్నవారి ధాన్యము కొల్లగొట్టి లేనివారికి పంచి, తుదకు పట్టుబడి ప్రాణము విడిచిన పండుగ సాయన్న ఈ సీమ కథానాయకుడు. దొరతనపు కాగితములలో అతడు దొంగ. కిన్నెర మెట్లపై అతడు వీరుడు. ఈ విషయమున మా కిన్నెరకే నేను పెద్దపీట వేయుదును. స్వదేశాభిమాన మనుకొన్నను సరే.

చరిత్రను మోసిన వానిని ఊరు ఎట్లు చూచినది? ఇక్కడ రెండు దేశములును ఒక్కటియే. సెనెగల్‌లోని సెరేర్ జాతివారి సీమలో, గ్రియో మరణించినచో మట్టిలో పాతిపెట్టెడివారు కారు. అట్లు చేసినచో నేల పండదని భయము! బాయోబాబ్ చెట్టు తొఱ్ఱలో నుంచెడివారు. గత శతాబ్ది మధ్యమున గాని ఆ యాచార మంతరింపలేదు. మన దక్కలివారో, తాము ఎవరి పురాణము చెప్పుదురో ఆ మాదిగవాడలోనికే రాకూడదు, వెలుపలనే విడిది. అంటబడని వారు సయితము అంటరానివారిగా చూచిన వారు వీరు. కనుక, ఆ పాత కట్టుబాటు సడలుచున్నదని ఎవరైన కన్నీరు పెట్టినచో నాకు సగము మాత్రమే జాలి కలుగును. కట్టుబాటు పోవలసినదే. దానితోబాటు పాటయు పోవుచున్నది. నా బాధ ఆ సగము గూర్చియే.

ఆఫ్రికాలో పాట పోలేదు. బానిసలుగా ఓడలకెక్కింపబడిన వారు చేతులలో నేమియు తీసికొని పోలేకపోయిరి. చేతివాటము మాత్రము వెంట పోయినది. కరేబియన్ దీవులలో, అమెరికా దక్షిణ సీమలో వారు మరల సొరబుర్రనే వెదకి తంత్రులు కట్టిరి. నేటి బాంజో వాద్యమునకు మూలమదియే. ఘనా దేశపు అనాన్సి యను జిత్తులమారి సాలెపురుగు కథలు జమైకాలో ఇప్పటికిని చెప్పుకొందురు. అలెక్స్ హేలీ తన పూర్వికుని వెదకుచు గాంబియాలోని జుఫురే గ్రామమునకు పోయి, అక్కడ విన్న వంశకథను 1976లో 'రూట్స్' అను గ్రంథమున చేర్చెను. ఆ వృత్తాంతము నిజమా యని చరిత్రకారులు తరువాత గట్టిగా ప్రశ్నించిరి. ప్రశ్నింపవలసినదే. నోటికథ దస్తావేజు కాదు. వినువాని ఆశను కూడ అది కొంత కలుపుకొనును.

ఆఫ్రికా మా పాలమూరునకు బొత్తిగా పరాయిదియు కాదు. 19వ శతాబ్దమున వనపర్తి సంస్థానాధీశుడు రాజా రామేశ్వరరావు ఆఫ్రికన్ సైనికుల దళమును పోషించెను. ఆ దళము పిమ్మట నిజాము సేనలో చేరినది. హైదరాబాదులోని ఏ.సి. గార్డ్స్ పేట పేరు అందుండి వచ్చినదే. వారు తూర్పు తీరము వారు. కోరాతో వారికి పని లేదు. కాని హైదరాబాదు పెండ్లి ఊరేగింపులలో మర్ఫా డప్పుల మ్రోత విన్నపుడెల్ల వారి సంతతి గుర్తు వచ్చును.

కోరా విద్వాంసుడు తుమానీ దియాబాతే 2006లో గ్రామీ బహుమానము పొంది, 2024లో కన్నుమూసెను. మన నాగర్‌కర్నూలు జిల్లా దర్శనం మొగిలయ్యగారి పండ్రెండు మెట్ల కిన్నెర 2021లో 'భీమ్లా నాయక్' చిత్రగీతమున వినబడినది. 2022లో ఆయనకు పద్మశ్రీ లభించినది. 2024లో ఆయన కూలిపని చేయుచుండగా తీసిన దృశ్యమును దేశమంతయు చూచినది.

నా సంగతి యొకటి చెప్పి ముగింతును. 2001 వేసవి. జడ్చర్లలో మా యింటి వరండాలో పరీక్షపత్రములు దిద్దుచుంటిని. ప్రశ్న బసవపురాణములోనిది: కిన్నర బ్రహ్మయ్య భక్తిని వివరింపుము. గేటు కడ ఒక ముసలివాడు, భుజమున కిన్నెర. నేను లేవకుండనే రెండు రూపాయలు తీసి, పాట వద్దు, పనిలో ఉన్నానంటిని.

"పైసలకు రాలే సారూ. ఒక్క కత ఇను" అన్నాడు.

నేను తల యెత్తలేదు. రూపాయలు పుచ్చుకొనకుండనే పోయి, వీధి చివర వేపచెట్టు నీడన కూర్చుండి పిల్లలకు పాడినాడు. తీగ మ్రోత వినబడినది; మాటలు అందలేదు. నేను కిన్నర బ్రహ్మయ్యకు మార్కులు వేయుచుంటిని.

ఆ చిత్రగీతము వచ్చిన రోజులలో తరగతిలో ఒక పిల్ల లేచి, "సార్, మీరు కిన్నెర ఎదురుగా ఎప్పుడన్న విన్నరా?" అని అడిగినది. విన్నానంటిని. "ఏ కథ సార్?" అన్నది.

గంట కొట్టువరకు నేను వేరే పాఠము చెప్పితిని.